అన్నదమ్ముల గుట్టల ఫోటో

విజయవాడ బస్టాండు. ఉదయం ఎనిమిదీ పది. తిరువూరు బస్సు కోసం నిలబడి ఉన్న బట్టతల మనిషి భుజం మీద ఆత్రేయ చెయ్యి వేశాడు.

ఆ మనిషి వెనక్కి తిరిగి చూడలేదు. పళ్ళ మధ్య దేన్నో పటుక్కున కొరికాడు. బెంచీ మీది ముసలావిడ "అయ్యో, ఫిట్సులాగుంది, చేతిలో తాళాలు పెట్టండి నాయనా" అంటుండగానే నేలమీదికి జారిపోయాడు. నలుగురూ నాలుగు తాళాలగుత్తులు తీశారు. సైనైడ్‌కు విరుగుడు తాళంచెవుల్లో లేదని అక్కడున్న వాళ్ళలో ఒక్క ఆత్రేయకే తెలుసు.

శవం దగ్గర ఆయుధం లేదు, పాస్‌పోర్టు లేదు. చొక్కా లోపలి జేబులో ఒకే ఒక్క ఫోటో ఉంది.

పది గంటలకి గెస్ట్‌హౌస్‌లో కిటికీలు మూసి ఆ ఫోటోను పెద్దది చేసి గోడమీద వేశారు. చీఫ్ సీతారామారావు దాని ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఆయన ఎన్నో రహస్యపత్రాలు చూశాడు గానీ ఇంత అమాయకంగా కనిపించేదాన్ని ఎన్నడూ చూడలేదు.

మెట్టప్రాంతం. రెండు రాతిగుట్టలు, కుడివైపు పెద్దది, ఎడమవైపు చిన్నది. మధ్యలో సన్నటి కనుమ. గుట్టల నిండా తుప్పలు, నల్లబండలు, మనిషి అడుగు పడని అడివి. ముందు ఎర్రనేల, దూరంగా నాలుగు తాటిచెట్లు. వాటి నీడలు పొడుగ్గా చూసేవాళ్ళ వైపు పడుతున్నాయి. నేల మధ్యలో ఒక రైతు, గుట్టలవైపు దున్నుకుంటూ పోతున్న జత ఎడ్లు, ఎడమవైపు నల్లది, కుడివైపు తెల్లది. కేలండర్‌కి పనికొచ్చే బొమ్మ. వెనక పెన్సిల్‌తో రెండు సంఖ్యలు: 24. 16.30.

"రేపు ఇరవై నాలుగు," అన్నాడు చీఫ్. "సాయంత్రం నాలుగున్నరకి శేషాచలం గారిని చేతులు మారుస్తున్నారు."

ఆ పేరు వినగానే ఆత్రేయ తల దించుకున్నాడు.

శేషాచలం మన సైన్యం రహస్య సందేశాలకి వాడే సైఫర్‌ను తయారుచేసిన లెక్కల మాస్టారు. కాగితం మీద ఎక్కడా లేని కీ ఆయన తలకాయలో ఉంది. ట్రైనింగ్‌లో ఆత్రేయకు పాఠం చెప్పిందీ ఆయనే. అయిదు రోజుల కిందట మార్నింగ్ వాక్‌కి వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. ఎత్తుకెళ్ళింది ఇక్కడి కిరాయి ముఠా, కొనుక్కుంటున్నది విదేశీ ముఠా. చేతులు మారితే రాత్రికి రాత్రే బందరు రేవు దాటిపోతాడు. ఆ తర్వాత ఆయన నోరు విప్పినా, విప్పకపోయినా ప్రాణంతో మాత్రం తిరిగి రాడు.

ఆయనకున్న గార్డును రెండు నెలల కిందట తీసేసింది ఆత్రేయే. "త్రెట్ నిల్" అని ఫైలు మీద సంతకం పెట్టాడు. ఈ అయిదు రోజులూ అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా ఆ సంతకం గొంతుకి అడ్డం పడుతోంది.

తలుపు తెరుచుకుంది. నల్లద్దాలు, భుజాన పెద్ద లెన్సు కెమెరా, గది అంతా పాకే విదేశీ సెంటు. శర్వాణి. లోకానికి ట్రావెల్ మ్యాగజైన్ ఫోటోగ్రాఫర్. విదేశీ ముఠాకి నమ్మకమైన మనిషి. రెండేళ్ళుగా వాళ్ళ రహస్యాలు మోసుకొచ్చి ఇస్తున్న మన డబుల్ ఏజెంట్.

"ఈ ఫోటో తీసింది నేనే," అంది కుర్చీలో కూర్చుంటూ. "పది రోజులైంది. దేనికో చెప్పలేదు. ఫోన్లో చెబితే మీరు వింటారు, రాస్తే చదువుతారు. కొండల బొమ్మని ఎవరు పట్టించుకుంటారు? కెమెరా నిలబడ్డ చోటే మీటింగ్ పాయింట్. అది వాళ్ళ రూల్. అమ్మేవాళ్ళకీ కొనేవాళ్ళకీ చెరో కాపీ, కలిసినప్పుడు అదే గుర్తు; చచ్చినవాడు కొనేవాళ్ళ మనిషి."

"ఎక్కడ నిలబడ్డావు?" అని అడిగాడు ఆత్రేయ.

ఆమె మ్యాప్ మీద ఎర్రగోరు ఆనించింది. "తిరువూరుకి ఇవతల, అన్నదమ్ముల గుట్టలు. వాటికి తూర్పున, విస్సన్నపేట వైపు మామిడితోటలున్నాయి. వాటి పక్కన."

ఢిల్లీ ల్యాబ్ నుంచి గంటలో ఫ్యాక్స్ వచ్చింది. తూర్పు నుంచి చూస్తే పెద్దగుట్ట కుడివైపే కనిపిస్తుంది. నీడల్ని బట్టి చూస్తే సాయంత్రం తీసిన ఫోటో. అన్నీ సరిపోయాయి.

"లోకల్ పోలీసుకి గానీ ఊరివాళ్ళకి గానీ ముక్క తెలియకూడదు. దారుల మీది టీములన్నిటినీ తూర్పువైపుకి లాగేస్తున్నాను," అన్నాడు చీఫ్.

బయట వరండాలో శర్వాణి ఆత్రేయ చేతిమీద చెయ్యి వేసింది. "నీ తప్పు కాదు ఆత్రేయా. మాస్టారు దొరుకుతారు." ఆ మాటకి అతని కళ్ళు చెమర్చాయి. అయిదు రోజుల్లో అతనితో మంచిగా మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే.

మర్నాడు పొద్దున్నే ఆత్రేయ మామిడితోటల షావుకారు అవతారం ఎత్తాడు. గ్లాస్గో పంచె, సిల్కు లాల్చీ, నాలుగు వేళ్ళకి ఉంగరాలు. చేతి గడియారంలో వైర్‌లెస్, పెన్నులో కెమెరా, రొండిన పిస్టల్. జేబులో ఖరీదైన సెల్‌ఫోన్ కూడా ఉంది గానీ తిరువూరు దాటగానే దాని సిగ్నల్ పోయింది. ఇక అది కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టుకోవడానికే పనికొచ్చేది.

తోట ఆసామి వీరరాఘవయ్యది అక్కడే నాలుగు గదుల ఇల్లు. పూత చూసి తోట మాట్లాడుకోవడానికి షావుకార్లు వచ్చే రోజులే కనక ఆయన కొత్తమనిషిని చూసి ఆశ్చర్యపోలేదు.

"పూత బాగానే ఉందండి షావుకారు గారూ. మంచు కొట్టకుండా ఉంటే కొమ్మలు విరుగుతాయి," అన్నాడు.

ఆత్రేయ తెలిసినవాడిలా ఒక పూగుత్తిని పట్టుకుని వాసన చూశాడు. షావుకార్లు పూతని వాసన చూడరని అతనికి తెలియదు. వీరరాఘవయ్యకి తెలుసు గానీ, పెద్దమనిషి కనక ఏమీ అనలేదు.

ఆరుగురు కమాండోలు తోటలో చెట్ల మీద నక్కారు. శర్వాణి తోట చివర, రోడ్డు కనిపించేచోట, కారులో కూర్చుంది. ఆమె చెవిలోనూ అదే వైర్‌లెస్ ఉంది.

పన్నెండయింది. రెండయింది. మూడయింది. గుట్టలు ఫోటోలో ఉన్నట్టే ఉన్నాయి. కుడివైపు పెద్దది, ఎడమవైపు చిన్నది. ముందు దున్నిన నేల కూడా ఉంది. తాటిచెట్లయితే ఎటు చూసినా ఉన్నాయి. అయినా ఆత్రేయ మాటిమాటికీ రోడ్డువైపు చూస్తున్నాడు. పొద్దుటి నుంచి అటువైపు కొత్త బండి ఒక్కటి తిరగలేదు. మనిషిని చేతులు మార్చేవాళ్ళు ఒకసారైనా ముందుగా వచ్చి చోటు చూసుకోరా?

మూడూ ఇరవైకి వీరరాఘవయ్య భార్య సరోజినీదేవి మజ్జిగ తెచ్చింది. చెమట తుడుచుకోవడానికి ఆత్రేయ సంచిలోంచి తువ్వాలు లాగాడు. తువ్వాలుతోపాటు ఫోటో కూడా వచ్చి మంచం మీద పడింది.

అతను చెయ్యి చాపేలోపే ఆవిడ దాన్ని అందుకుంది.

"ఏమండీ! ఇటు రండి. మీ ఫోటో తీశారు ఎవరో. మన ఎడ్లు కూడా పడ్డాయి."

వీరరాఘవయ్య వచ్చి కళ్ళజోడు సవరించుకున్నాడు. ముందు మురిసిపోయాడు. తర్వాత మొహం చిట్లించాడు.

"ఇదేంటే, కర్రెద్దు దాపటికి వచ్చింది?"

"నేనూ అదే అనుకుంటున్నా. ఎప్పుడు మార్చారు మీరు?"

"నేనెందుకు మారుస్తాను, నాకేం మతిపోయిందా? అది కాడి ఎక్కిన రోజు నుంచీ వలపటిదే. దాపట కడితే అడుగు వెయ్యదు."

ఆత్రేయ మజ్జిగగ్లాసు కింద పెట్టాడు. "అంటే ఏంటండీ?"

పచ్చని చెట్టుకీ మోడుకీ తేడా తెలియని వాడికి చెప్పినట్టు, రైతు ఓపిగ్గా చెప్పాడు. "ఎడంవైపు కట్టేది దాపటిది, కుడివైపు కట్టేది వలపటిదండి. తెల్లెద్దు దాపట, కర్రెద్దు వలపట. ఏడేళ్ళ నుంచి అంతే. దీంట్లో తారుమారుగా ఉంది. పైగా ఇది సాయంత్రం ఎండలాగుంది. సాయంత్రం ఎవడండీ అరక కట్టేది? పదింటికల్లా విప్పేస్తాం."

"అయితే ఇదిగో, ఇక్కడ మన ముందున్న నేల..."

"అది ట్రాక్టరు దుక్కండి, మాది కాదు. మా మెట్టచేను గుట్టలకి ఆవల, పెనుగొలను వైపు. నువ్వులకి దున్నాం. ఆ నాలుగు తాడిచెట్లూ అక్కడివే."

పడమర. గుట్టలకి అవతల. అక్కణ్ణుంచి చూస్తే పెద్దగుట్ట ఎడమవైపు ఉంటుంది. పొద్దున సూర్యుడు గుట్టల వెనక నుంచి వచ్చి నీడలు ఇలాగే మన వైపు పడతాయి. నెగటివ్‌ను తిరగేసి ప్రింట్ వేస్తే పడమర తూర్పవుతుంది, ఉదయం సాయంత్రమవుతుంది. ఢిల్లీ ల్యాబ్‌లో కంప్యూటర్లన్నీ నీడలు కొలిచాయి. వాటిలో ఒక్కటీ అరక కట్టి ఎరగదు.

ఆ వెంటనే అసలు దెబ్బ తగిలింది. తీసింది తనేనని, ఇక్కడే నిలబడి తీశానని చెప్పింది శర్వాణి. నిలబడ్డ మనిషికి ఏ వైపు నిలబడిందో తెలియకుండా ఉంటుందా?

గార్డును తీసేశారన్న సంగతి ముఠాకి ఎలా తెలిసిందని ఆరు రోజులుగా తల బద్దలు కొట్టుకున్నాడు. ఇప్పుడు గుర్తొచ్చింది. రెండు నెలల కిందట, బందరు రోడ్డు మీద కారులో, "మాస్టారు ఎలా ఉన్నారు?" అని ఆమె మామూలుగా అడిగింది. "హాయిగా ఉన్నారు, ఇప్పుడు గార్డు పీడ కూడా లేదు," అని తను నవ్వుతూ చెప్పాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆత్రేయ అయితే తనే తలుపు తీసి, దీపం కూడా చూపించాడు.

గడియారం మూడూ ముప్ఫయి అయిదు చూపిస్తోంది. వైర్‌లెస్‌లో నోరు విప్పితే శర్వాణి వింటుంది. ఒక్క మాట అవతలికి చేరిందా, మాస్టారు చేజారిపోతారు.

"రోడ్డు మీద చుట్టూ తిరిగి వెళితే ఎంతసేపు?"

"గంట పైనే. కనుమలోంచి అయితే ఇరవై అయిదు నిమిషాలు. కార్లు పట్టవు. నా ఎం-ఎయిటీ బండి పడుతుంది."

ఆత్రేయ ఆయన చేతులు పట్టుకున్నాడు. "నేను షావుకారుని కాదండి."

"అది పొద్దున్నే తెలిసిందిలే బాబూ, పూత వాసన చూసినప్పుడే. పోలీసులా?"

"అలాంటి వాళ్ళమే. అక్కడ ఒక పెద్దాయన ప్రాణం పోతుంది. అమ్మా, మీ ఇంటి ఫోన్లో ఈ నంబరుకి చెయ్యండి. సీతారామారావు గారు ఎత్తుతారు. కర్రెద్దు దాపటికి మారిందని చెప్పండి, ఫోటో తిరగేసి ఉందని, పడమటివైపు మనుషుల్ని పంపమని చెప్పండి. నల్లద్దాల అమ్మాయికి మాత్రం తెలియకూడదు."

"ఆ చెట్ల మీద కూర్చున్న ఆరుగురికి చెప్పొచ్చా?" అని అడిగింది సరోజినీదేవి.

ఆత్రేయ నోరు తెరిచాడు. "మీరు చూశారా?"

"పొద్దుటి నుంచీ చూస్తున్నాగా. పాపం, మంచినీళ్ళు కూడా తాగలేదు."

ఎం-ఎయిటీ కనుమలోకి ఎక్కింది. దారి అనడం మర్యాద కోసం. బండ్లచక్రాలు అరగదీసిన రాతిగాడి, ఇరువైపులా పరికి తుప్పలు. సిల్కు లాల్చీ మొదటి ఫర్లాంగులోనే రెండు ముక్కలైంది. వీరరాఘవయ్య వెనక కూర్చుని ఎడ్లకి చెప్పినట్టు అదిలిస్తున్నాడు. "అటు కాదు, ఇటు. బండ మీదికి పోనీ. ఆగకు, ఆగితే ఎక్కదు."

బండి హ్యాండిల్‌కి గుండ్రటి అద్దం ఉంది. ఆత్రేయ ఒక చేత్తో ఫోటో తీసి దాని ముందు పట్టాడు. గుట్టలు స్థానాలు మార్చుకున్నాయి. కర్రెద్దు వలపటికి వచ్చింది. కనుమ దిగి వెనక్కి చూస్తే గుట్టలు అద్దంలో ఉన్నట్టే ఉన్నాయి. ముందు వైపు ఎర్రనేల, నాలుగు తాళ్ళు. తాటిచెట్ల కింద తెల్ల సుమో.

నాలుగూ పది. చుట్టుపక్కల ఇంకే బండీ లేదు. కొనుక్కునేవాళ్ళు ఇంకా రాలేదు.

"మీరు ఇక్కడే దిగిపోండి," అన్నాడు ఆత్రేయ.

"నా చేలోంచి నన్ను దిగమంటావేంటి బాబూ? వాళ్ళని దిగమను."

ఇద్దరూ కలిసే వెళ్ళారు. సుమో దగ్గర ముగ్గురు కిరాయి మనుషులు. వాళ్ళలో మీసాలవాడు చెయ్యి నడుం దగ్గరికి పోనిచ్చాడు. ఆత్రేయ ఫోటో చూపించాడు.

మీసాలవాడు దాన్ని చూసి, గుట్టల్ని చూసి, "ఫోటోలో చోటు ఇది కాదే," అన్నాడు నెమ్మదిగా.

అది సందేహం కాదు, ప్రశ్నపత్రం: ఫోటో తిరగేసి ఉందని వచ్చినవాడికి తెలుసా లేదా. ఆత్రేయ ఫోటోను ఎం-ఎయిటీ అద్దం ముందు పట్టాడు. మీసాలవాడు అద్దంలోకి చూసి తల ఊపాడు. నడుం మీది చెయ్యి కిందికి దిగింది.

"బండి ఏది?"

"కనుమ అవతల పంక్చరయింది. సరుకుని ముందు చూడాలి."

సుమో వెనక తలుపు తీశారు. శేషాచలం గడ్డం పెరిగి, పెదాలు ఎండిపోయి, చేతులు కట్టేసి ఉన్నాడు. ఆత్రేయని చూశాడు. మొహంలో ఒక్క గీత కూడా కదలలేదు. ఆరు రోజులు తిండి సరిగ్గా లేకపోయినా మాస్టారు మాస్టారే.

"బతికే ఉన్నాడు," అన్నాడు ఆత్రేయ పొడిగా. "నాడి చూడాలి." అంటూ లోపలికి ఎక్కాడు. తాళాలు బండికే ఉన్నాయి.

అప్పుడు కనిపించింది, దూరంగా డొంకమీద ఎర్రటి దుమ్ము. జీపు. నాలుగూ ఇరవై ఎనిమిది. మీసాలవాడు దుమ్ము వంక చూశాడు. తర్వాత ఆత్రేయ వంక చూశాడు. మరి ఈ వచ్చేదెవరన్న ప్రశ్న వాడి మొహంలో పూర్తిగా తయారయ్యేలోపే ఆత్రేయ ముందు సీట్లోకి దూకి తాళం తిప్పాడు.

తుపాకి పేలింది. వెనకద్దం పగిలింది. "తల వంచండి మాస్టారూ!"

వీరరాఘవయ్య తాటిచెట్టు చాటు నుంచి గొంతు చించుకుని అరిచాడు. "గట్టు మీదుగా పో! చేలోకి దిగకు బాబూ, నిన్ననే బోరుతో తడిపెట్టాం!"

సుమో గట్టు పట్టుకుంది. జీపులో వాళ్ళకి ఆ అరుపు వినపడలేదు. వినపడినా వాళ్ళకి తెలుగు రాదు. సుమోకి అడ్డం పడదామని డొంక వదిలి చేలోకి దించారు. పైకి ఎండి పెటపెటలాడుతున్న నేల, జానెడు కింద ఒండ్రుబురద. పది గజాల్లో చక్రాలు దిగిపోయాయి. డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ జీపు ఇరుసుల దాకా కూరుకుపోయింది. తుపాకులున్న నలుగురు మోకాలిలోతు బురదలో చెప్పుల కోసం వెతుక్కున్నారు. సుమో పోయిన కిరాయివాళ్ళు ముగ్గురూ నడిచి పారిపోవలసి వచ్చింది. నాలుగూ నలభై అయిదుకి గంపలగూడెం వైపు నుంచి చీఫ్ పంపిన జీపులు వచ్చేసరికి అందరూ కనుచూపు మేరలోనే ఉన్నారు.

ఆత్రేయ సుమో ఆపి మాస్టారి కట్లు విప్పాడు. "క్షమించండి సార్. గార్డును తీసింది నేను. ఆ సంగతి బయటపెట్టిందీ నేనే."

శేషాచలం మణికట్లు రుద్దుకున్నాడు. "లెక్క తప్పిన చోట గుండ్రం చుట్టమని చెప్పానుగా. చుట్టు. దాచకు," అన్నాడు. క్షమించానని మాత్రం అనలేదు.

తోటలో శర్వాణి చేతులకి బేడీలు పడి ఉన్నాయి. సరోజినీదేవి మజ్జిగ ఇచ్చే నెపంతో కమాండోల దగ్గరికి వెళ్ళి చీఫ్ మాట చెవిన వేసిందట. నల్లద్దాలు తీసేస్తే శర్వాణి కళ్ళు అలసిపోయినట్టున్నాయి.

"ఎలా తెలిసింది?"

"ఎడ్లు చెప్పాయి," అన్నాడు ఆత్రేయ. "కర్రెద్దు వలపటిదట."

"నీడల కోసం నాలుగు రోజులు పొద్దున్నే వచ్చాను. ఎడ్లని మాత్రం చూడనే లేదు."

"బందరు రోడ్డు మీద ఆ రోజు మాస్టారి గురించి అడిగావే. అదీ పనిలో భాగమేనా?"

ఆమె జీపు ఎక్కేముందు ఒక్కసారి వెనక్కి తిరిగి గుట్టల్ని చూసింది, అతన్ని కాదు.

ఆత్రేయ రిపోర్టులో అంతా రాశాడు. తన తప్పు దగ్గర ఎర్రసిరాతో గుండ్రం చుట్టాడు. చీఫ్ దాన్ని రెండుసార్లు చదివి మూడు నెలలు సస్పెండ్ చేశాడు. ఊళ్ళో ముక్క తెలియకూడదన్న తన ఆర్డరు దగ్గర మాత్రం ఎవరూ గుండ్రం చుట్టలేదు.

వారం తర్వాత వీరరాఘవయ్య ఫోన్ చేశాడు. "బాబూ, ఆ ఫోటో ఇప్పిస్తావా? మా ఆవిడ ఫ్రేము కట్టించుకుంటానంటోంది. ఈసారి తిన్నగా ప్రింటు వేయించు."

"కుదరదండి. ఢిల్లీ వాళ్ళు సీలు వేశారు. దాంట్లో ఉన్నవన్నీ ఇప్పుడు టాప్ సీక్రెట్."

"గుట్టలు కూడానా?"

"గుట్టలు కూడా."

"ఎడ్లో?"

"ఎడ్లు కూడానండి."

ఫోన్లో వెనకాల ఎక్కడో ఎద్దు మెడలో గంట మోగింది.

"మరి రేపు పొద్దున్నే అరక కట్టాలి బాబూ. నన్ను కట్టుకోమంటావా, ఢిల్లీ నుంచి ఎవరన్నా వచ్చి కడతారా?"